పీపీఓలో, స్పర్శ్‌లో రిటైరైన ర్యాంకు తప్పుగా పడితే: సమస్య - పరిష్కారం

పీపీఓలో (పెన్షన్ మంజూరు పత్రంలో) ర్యాంకు తప్పు పడిందని తెలియగానే చాలామంది మాజీ సైనికులు బ్యాంకుకు పరుగెడతారు, లేదంటే రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పోర్టల్ అయిన స్పర్శ్‌లో గ్రీవెన్స్ (ఫిర్యాదు) మీద గ్రీవెన్స్ పెడతారు. ఆ రెండు చోట్లా ర్యాంకు కనిపిస్తుందే గానీ, దాన్ని నిర్ణయించేది అక్కడ కాదు. ర్యాంకు పుట్టేది యూనిట్ వెలువరించే పార్ట్ టూ ఆర్డర్‌లో (ప్రమోషన్ లాంటి మార్పులను నమోదుచేసే ఉత్తర్వులో). అది జవాన్ల జీతాల లెక్కలు చూసే పీఏఓ (ఓఆర్) ఆడిట్ దాటి, రికార్డ్ ఆఫీసులోని షీట్ రోల్‌కు (సర్వీసు రికార్డుకు) ఎక్కుతుంది. డిశ్చార్జికి కొన్ని నెలల ముందు రికార్డ్ ఆఫీసు ఎల్‌పీసీ కమ్ డేటా షీట్ (చివరి జీతం, సర్వీసు వివరాల పత్రం) తయారుచేసి పంపితే, పెన్షన్లు మంజూరుచేసే ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ (పెన్షన్స్) కార్యాలయం పీపీఓ ఇస్తుంది. స్పర్శ్ రాకముందు రిటైరైనవాళ్ల వివరాలు ఆ పాత పీపీఓల నుంచే స్పర్శ్‌లోకి వెళ్లాయి. ఈ వరుసలో తప్పు మొదట ఏ కాగితంలో దొర్లిందో అక్కడే దిద్దించాలి. కింది కాగితాన్ని ఎంత దిద్దించినా పై కాగితం మారకపోతే దరఖాస్తు తిరిగొస్తుంది.

ఇక్కడ చెప్పేది ఆర్మీ జేసీఓలు (నాయబ్ సుబేదార్ నుంచి సుబేదార్ మేజర్ దాకా), ఓఆర్‌ల (సిపాయి, నాయక్, హవల్దార్) గురించి. డిశ్చార్జ్ బుక్, అసలు పీపీఓ, ఆ తర్వాత వచ్చిన ప్రతి కొరిజెండమ్ (సవరణ) పీపీఓ, స్పర్శ్‌లో దించుకున్న పీపీఓ, సర్వీసులో చివరి పే స్లిప్ పక్కపక్కన పెట్టుకుని కింది వాటిలో మీది ఏదో చూడండి.

లక్షణం: పాత పీపీఓలో సరిగ్గానే ఉంది, స్పర్శ్‌లో మాత్రం తప్పు

ఇది అన్నిటికన్నా తేలిక. వివరాలు ఎక్కించేటప్పుడు దొర్లిన తప్పు, లేదా మొదటి పీపీఓ ఒక్కటే ఎక్కించి కొరిజెండమ్‌ను వదిలేయడం. నాయక్‌గా పెన్షన్ మంజూరై, తర్వాత కొరిజెండమ్‌తో హవల్దార్ అయినవాళ్లు ముఖ్యంగా ఇది చూసుకోవాలి.

స్పర్శ్‌లో పెన్షనర్ డేటా వెరిఫికేషన్ ఇంకా పూర్తి చేయకపోతే ర్యాంకు తప్పని అక్కడే గుర్తించి, కొరిజెండమ్ ప్రతి జతచేయండి. కంగారులో అన్నీ సరే అని సబ్మిట్ కొట్టేస్తే తప్పును మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. వెరిఫికేషన్ అయిపోయుంటే గ్రీవెన్స్ పెట్టండి, కానీ ఒక గ్రీవెన్స్‌లో ఒకే విషయం రాయండి. ర్యాంకు, భార్య పేరు, డీఏ బకాయి కలిపి రాస్తే, వాటిలో తేలికైనదానికి జవాబిచ్చి మొత్తం మూసేస్తారు.

ర్యాంకు మారాక పని అయిపోయిందనుకోవద్దు. ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్) పట్టికలు ర్యాంకు, సర్వీసు కాలం, ట్రేడ్ గ్రూపును బట్టి ఉంటాయి. 2014 జూలై 1, 2019 జూలై 1, 2024 జూలై 1 - ఓఆర్‌ఓపీ అమలైన, తర్వాత సవరించిన ఈ మూడు తేదీల్లో మీకు వర్తించే ప్రతిదాన్నీ కొత్త ర్యాంకు కాలమ్‌తో సరిపోల్చండి. పేరు ముందు హవల్దార్ అని మారి, పెన్షన్ మాత్రం నాయక్‌ది నడుస్తుంటే బకాయి కోసం మళ్లీ అడగాల్సిందే.

లక్షణం: డిశ్చార్జ్ బుక్‌లో హవల్దార్, పీపీఓలో నాయక్

దీనికి మూడు కారణాలుంటాయి. మొదటిది, ప్రమోషన్ డిశ్చార్జికి దగ్గర్లో వచ్చింది, డేటా షీట్ అప్పటికే పాత ర్యాంకుతో వెళ్లిపోయింది. రెండోది, ప్రమోషన్ పార్ట్ టూ ఆర్డర్‌ను పీఏఓ ఏదో అభ్యంతరంతో వెనక్కి పంపింది, యూనిట్ మళ్లీ పంపలేదు. ఒంటిమీద హవల్దార్ మూడు పట్టీలు ఉంటాయి, లెక్కల్లో మాత్రం ప్రమోషన్ ఉండదు. మూడోది, మీరు 2006 జనవరి 1కి ముందు రిటైరయ్యారు, చివరి ర్యాంకులో పది నెలలు నిండలేదు. అప్పటి నిబంధన ప్రకారం పెన్షన్ కింది ర్యాంకుకే కట్టేవారు. అందుకే చివరి ర్యాంకు ఒకటి, పెన్షన్‌కు లెక్కించిన ర్యాంకు మరొకటి కనిపిస్తాయి. ఇది రాతలో తప్పు కాదు, అప్పటి రూలు. కొరిజెండమ్ అడిగితే ఇవ్వరు.

మొదటి రెండు కారణాలైతే మీ రికార్డ్ ఆఫీసుకే రాయాలి: ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్లు), ఏఓసీ (ఆర్డినెన్స్ కోర్) వాళ్లకు సికింద్రాబాద్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్ క్యాంప్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్. దరఖాస్తు ఒక్క పేజీ దాటనివ్వకండి. ఆర్మీ నంబరు చివరి అక్షరంతో సహా రాయాలి, ఆ అక్షరం లేకపోతే ఫైలు దొరకదు. నాయబ్ సుబేదార్ అయ్యాక జేసీ నంబరు వచ్చినవాళ్లు పాత నంబరు కూడా రాయాలి, ఎందుకంటే అంతకుముందు సర్వీసంతా దాని కిందే ఉంటుంది. భర్తీ తేదీ, డిశ్చార్జ్ తేదీ, చివరి యూనిట్, పీపీఓ నంబరు, ప్రమోషన్ పార్ట్ టూ ఆర్డర్ నంబరు, తేదీ ఇచ్చి, కోరేది ఒక్క వాక్యంలో చెప్పండి: ‘ఫలానా తేదీ నుంచి హవల్దార్‌గా షీట్ రోల్‌లో సరిచేసి, కొరిజెండమ్ పీపీఓ కోసం పీసీడీఏకు పంపగలరు.’ డిశ్చార్జ్ బుక్ అసలు పంపకండి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అటెస్ట్ చేయించిన నకలు చాలు. పుస్తకంలో కొట్టివేతలు, పైన పెన్నుతో దిద్దుబాట్లు మీరు చేయకండి, ఎవరిచేతా చేయించకండి. ఆ పేజీని ఇక ఎవరూ నమ్మరు.

పార్ట్ టూ ఆర్డర్ నంబరు తెలియకపోతే ముందు ఆర్టీఐ వేయండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ‘నా ర్యాంకు ఎందుకు తప్పింది’ అని ప్రశ్న వేస్తే పనికొచ్చే జవాబు రాదు. షీట్ రోల్ నకలు, ప్రమోషన్ పార్ట్ టూ ఆర్డర్ల నకళ్లు, డేటా షీట్ నకలు అని కాగితాలను పేరుపెట్టి అడగాలి. ఈ మూడూ చేతికొస్తే తప్పు ఎక్కడ జరిగిందో మీకే తెలిసిపోతుంది.

లక్షణం: జీతం హవల్దార్‌ది తీసుకున్నాను, ర్యాంకు నాయక్ అని ఉంది

చాలావరకు ఇది ఎంఏసీపీ. 8, 16, 24 ఏళ్లకు వచ్చే ఈ పెంపు జీతం స్థాయిని పెంచుతుంది, ర్యాంకును కాదు. భుజం మీద ర్యాంకు మారదు, కాగితంలోనూ మారదు. దిద్దించాల్సింది ఏమీ లేదు. చూసుకోవాల్సింది ఒకటే: పెన్షన్ లెక్కలో ఎంఏసీపీ కలిసిందా లేదా. కలవకపోతే ‘ర్యాంకు దిద్దండి’ అనకుండా, ‘ఎంఏసీపీ నమోదు చేసి పెన్షన్ సవరించండి’ అని రాయండి.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. లాన్స్ నాయక్ పెన్షన్ లెక్కలో సిపాయి కిందికే వస్తుంది. కంపెనీ హవల్దార్ మేజర్ ఒక నియామకం, ర్యాంకు హవల్దారే. ఆర్మర్డ్ కోర్‌లో దఫేదార్, మిగతా చోట్ల హవల్దార్ ఒకే మెట్టు.

లక్షణం: హానరరీ ర్యాంకు ఎక్కలేదు

హానరరీ లెఫ్టినెంట్, కెప్టెన్ ర్యాంకులు జనవరి 26న, ఆగస్టు 15న ఇస్తారు, తర్వాత గెజిట్‌లో వస్తాయి. అప్పటికే పీపీఓ సుబేదార్ అనో సుబేదార్ మేజర్ అనో వచ్చి ఉంటుంది. గెజిట్‌లో మీ పేరున్న పేజీ ప్రతితో రికార్డ్ ఆఫీసుకు రాసి కొరిజెండమ్ అడగాలి.

హానరరీ నాయబ్ సుబేదార్ సంగతి కొంచెం వేరు. రక్షణ శాఖ 2009 జూన్ 12 ఉత్తర్వు ప్రకారం, 2006 జనవరి 1 నుంచి ఈ హానరరీ ర్యాంకును పెన్షన్ లెక్క కోసం మాత్రమే నాయబ్ సుబేదార్ ప్రమోషన్‌గా భావిస్తారు. పేరు ముందు హానరరీ అని ఉండి పెన్షన్ హవల్దార్‌ది వస్తుంటే ఆ ఉత్తర్వు తేదీ ప్రస్తావించి సవరణ అడగండి. గ్రాట్యుటీ తేడా కూడా కలిపి అడిగితే ఆ భాగాన్ని తిరస్కరిస్తారు.

లక్షణం: ఉన్నదానికన్నా పై ర్యాంకు చూపిస్తోంది

ఊరుకుంటే మంచిదనిపిస్తుంది, కానీ ఎప్పుడో ఒకప్పుడు ఆడిట్‌లో బయటపడుతుంది. రాతపూర్వకంగా మీరే తెలియజేసి నకలు దాచుకోండి. రికవరీ అంటూ నోటీసు వస్తే 2014 డిసెంబరు నాటి రఫీక్ మసీహ్ కేసు సుప్రీంకోర్టు తీర్పును చూపించవచ్చు. రిటైరైన ఉద్యోగుల నుంచి రికవరీ కూడదన్న సందర్భాలు అందులో ఉన్నాయి. ఇకముందు వచ్చే పెన్షన్ తగ్గడాన్ని మాత్రం ఆ తీర్పు ఆపదు.

లక్షణం: రికార్డ్ ఆఫీసు కాదంది, లేదా జవాబే లేదు

కాదంటే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తర్వాత ఆర్మ్డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. ముందు రిప్రజెంటేషన్ (రాతపూర్వక విన్నపం) ఇవ్వకుండా నేరుగా వెళ్తే కేసు నిలబడదు. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు వేయాలి. జవాబు రాకపోతే రిప్రజెంటేషన్ ఇచ్చిన ఆరు నెలలు ఆగి, ఆపై మరో ఆరు నెలల్లో వేయాలి. రిప్రజెంటేషన్ పంపిన స్పీడ్ పోస్ట్ రసీదు పారేయకూడదనేది ఇందుకే, గడువు లెక్క మొదలయ్యేది అక్కడినుంచే.

గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని కోరే పిటిషన్ జతచేయవచ్చు. పెన్షన్ తక్కువ రావడం నెలనెలా కొనసాగే నష్టం కాబట్టి పాత కేసును కూడా ఆలస్యం పేరుతో మొత్తంగా కొట్టేయరు. కానీ 2008 నాటి తర్సేమ్ సింగ్ కేసు సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బకాయిలు మామూలుగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే ఇస్తున్నారు. అంటే ఇరవై ఏళ్ల కిందటి తప్పు ఇప్పుడు రుజువైనా, చేతికొచ్చేది మూడేళ్ల తేడా, ఇకముందు సరైన పెన్షన్.