వైమానిక దళంలో పైలట్ కావాలనుకునేవారు ముందుగా తీసుకోవలసిన జాగ్రత్తలు

గ్రూప్స్‌లో తప్పినవారు వచ్చే నోటిఫికేషన్‌కు మళ్ళీ రాయవచ్చు. నీట్‌లో ర్యాంకు రానివారు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరి మరుసటి ఏడాది మళ్ళీ ప్రయత్నించవచ్చు. భారత వైమానిక దళంలో పైలట్ ఎంపిక ఆ తీరున సాగదు. ఇక్కడ రాతపరీక్షను వయసు ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా రాయవచ్చు గానీ, పైలట్ సామర్థ్య పరీక్షకు మాత్రం జీవితంలో ఒక్కసారే కూర్చోనిస్తారు. కంటిచూపు ప్రమాణం కిందికి జారితే కష్టపడి చదివిన చదువు దాన్ని పూడ్చలేదు. ఇతర ప్రభుత్వ ఉద్యోగాలలో ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు దొరికే వయసు సడలింపు కూడా ఈ ఎంపికలో లేదు. అందువల్ల జాగ్రత్తలు దరఖాస్తు నింపే నాటికి కాక, పదో తరగతి ఫలితాలు వచ్చిన నాటి నుంచే మొదలు కావాలి.

మొదటి నిర్ణయం ఇంటర్మీడియట్ గ్రూపు. వైమానిక దళపు ఫ్లయింగ్ శాఖకు, అంటే పైలట్లు పనిచేసే విభాగానికి, దాదాపు ఏ దారిన వెళ్ళినా ఇంటర్ స్థాయిలో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి. కనుక ఎంపీసీ తప్ప మరో గ్రూపు తీసుకున్నవారికి ఆ తరువాత ఎంత మంచి డిగ్రీ ఉన్నా సాధారణంగా ఫలితం ఉండదు. పదో తరగతి తరువాత పాలిటెక్నిక్‌లో చేరి, ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్ళడం మన దగ్గర చాలామంది ఎంచుకునే దారి. అయితే ఆ డిప్లొమాతో, ఇంటర్ తరువాత నేరుగా సైనిక శిక్షణకు తీసుకునే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) పరీక్ష రాయడానికి వీలుండదని తల్లిదండ్రులు ముందే గ్రహించాలి. ఎన్‌డీఏలో శిక్షణ మొదలయ్యే నాటికి అభ్యర్థి వయసు పదహారున్నర, పందొమ్మిదిన్నర సంవత్సరాల మధ్య ఉండాలి. డిగ్రీ తరువాత యూపీఎస్సీ నిర్వహించే సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష ద్వారా గానీ, వైమానిక దళం స్వయంగా నిర్వహించే ఏఎఫ్‌క్యాట్ ద్వారా గానీ వెళ్ళేవారికి ఆ పరిమితి 20 నుంచి 24 సంవత్సరాలు. ఏఎఫ్‌క్యాట్‌కు డిగ్రీలో 60 శాతం, ఇంటర్‌లో గణితానికి, భౌతికశాస్త్రానికి విడివిడిగా 50 శాతం మార్కులు అవసరం. అమ్మాయిలకు ఎన్‌డీఏ ద్వారాలు 2022లో తెరుచుకున్నాయి కాబట్టి, ఇంటర్ గ్రూపు విషయంలో ఈ జాగ్రత్త వారికీ అంతే అవసరం.

అన్నింటికంటె ఎక్కువ శ్రద్ధ కోరేది కన్ను. ఫ్లయింగ్ శాఖకు ఒక కంటిలో 6/6, అంటే లోపం లేని చూపు, రెండో కంటిలో కనీసం 6/9, అంటే అంతకు కాస్త తగ్గిన చూపు ఉండాలి. ఆ రెండో కంటి లోపం కూడా దూరదృష్టి, అంటే దగ్గర ఉన్నవి మసకగా కనిపించే ప్లస్ పవర్ వల్ల కలిగినదై, అద్దాలతో 6/6కు సరిదిద్దగలిగినదై ఉండాలి. హ్రస్వదృష్టి, అంటే దూరాన ఉన్నవి మసకగా కనిపించే మైనస్ పవర్, ఏ కొద్దిగానూ ఉండకూడదు. ఈ మైనస్ పవర్ సాధారణంగా బయటపడేది కౌమారంలోనే. మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలలో పిల్లలు తెల్లవారుజాము నుంచి రాత్రి స్టడీ అవర్ వరకు ట్యూబ్‌లైట్ కింద పుస్తకంపై వంగి ఉండేది కూడా సరిగ్గా ఆ వయసులోనే. పగటి వెలుతురులో ఆరుబయట గడిపే సమయం హ్రస్వదృష్టి రాకుండా కొంత కాపాడుతుందని నేత్రవైద్యులు చెబుతున్నారు. పైలట్ కావాలన్న కోరిక ఉన్న పిల్లవాణ్ణి ఆటస్థలమే లేని కాలేజీలో చేర్పించడం, నా దృష్టిలో, ఆ కోరికకు మనమే చేతులారా చేసే హాని. పదో తరగతి సెలవులలోనే హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రిలో, కంటిలో చుక్కలు వేసి చేసే పూర్తి పరీక్షతో పాటు రంగుల గుర్తింపు పరీక్ష కూడా చేయించాలి. రంగులను గుర్తించడంలో పుట్టుకతో వచ్చే లోపం మగపిల్లలలో ఎక్కువ. దానికి చికిత్స లేదు, ఫ్లయింగ్ శాఖలో దానికి మినహాయింపూ లేదు. ఆ సంగతి పదహారో ఏట తెలిస్తే మరో దారి వెతుక్కోవడానికి సమయం మిగులుతుంది.

లేజర్ శస్త్రచికిత్స గురించి వినిపించే సలహాలను నమ్మి తొందరపడరాదు. అద్దాలు అవసరం లేకుండా చూపును సరిచేసే ఈ లేజర్ చికిత్స (లేసిక్) ఎన్‌డీఏ అభ్యర్థులకు అంగీకారం కాదు. డిగ్రీ తరువాతి దారులలో దాన్ని కొన్ని షరతులతో అంగీకరిస్తారు: శస్త్రచికిత్స 20 ఏళ్ళు నిండిన తరువాతే జరిగి ఉండాలి, ఆపైన కనీసం ఒక సంవత్సరం గడిచి చూపు నిలకడగా ఉండాలి, కంటి ముందరి పారదర్శక పొర అయిన కార్నియా మందమూ కనుగుడ్డు పొడవూ నిర్దిష్ట హద్దులలో ఉండాలి. పద్దెనిమిదో ఏట ఆపరేషన్ చేయించుకున్న కుర్రవాడు, రెండేళ్ళు ఆగి ఉంటే మిగిలి ఉండే అవకాశాన్ని తానే మూసుకున్నట్లవుతుంది.

శరీరపు కొలతలను ఇంట్లోనే ఒకసారి చూసుకోవాలి. ఫ్లయింగ్ శాఖకు కనీస ఎత్తు 162.5 సెంటీమీటర్లు. కాలి పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్ల వరకు, కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96 సెంటీమీటర్ల వరకు ఉండాలి, తొడ పొడవు 64 సెంటీమీటర్లు దాటరాదు. కాళ్ళు పొట్టివైతే విమానపు ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్ పెడల్స్‌ను చివరిదాకా తొక్కలేరు, తొడ పొడవు మించితే ప్రమాదంలో పైలట్‌ను విమానం బయటకు విసిరే ఎజెక్షన్ సీటు పైకి ఎగసేటప్పుడు మోకాళ్ళు ముందున్న ప్యానెల్‌కు తగిలి దెబ్బతింటాయి. ఈ కొలతలు కోచింగ్‌తో మారేవి కావు కనుక, ఫీజు కట్టకముందే తెలుసుకోవడం మేలు.

కొన్ని లోపాలను మాత్రం సరిదిద్దుకోవచ్చు. చెవిలో పేరుకున్న గుబిలి, పుచ్చిన పళ్ళు, అధిక బరువు, రక్తహీనత వంటివి ముందుగా చూపించుకుంటే నెలల వ్యవధిలో చక్కబడతాయి. ముక్కు దూలం వంకర, వరిబీజం వంటి వాటికి ఆపరేషన్ అవసరమైతే, గాయం పూర్తిగా మానడానికి తగిన వ్యవధి ఉండేలా చూసుకుని చేయించుకోవాలి. వెన్నెముక ఎక్స్‌రేను ఈ శాఖలో ప్రత్యేకంగా పరిశీలిస్తారు, కాబట్టి జిమ్‌లో శిక్షకుడు లేకుండా బరువులు ఎత్తి నడుముకు హాని తెచ్చుకోరాదు. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనుక వైపు తప్ప ఒంటిపై మరెక్కడా శాశ్వతమైన పచ్చబొట్టు ఉండరాదన్న నిబంధన గిరిజనులకు తప్ప అందరికీ వర్తిస్తుంది, కనుక కాలేజీ రోజులలో సరదాకు టాటూ వేయించుకోవద్దు. ఫిట్స్, ఉబ్బసం వంటి పాత జబ్బులను దాచిపెట్టడం మాత్రం ఎంతమాత్రం తగదు. వాటిని అడిగేది తిరస్కరించడానికి సాకు కోసం కాదు, గాలిలో ఉన్న పైలట్‌కు, కింద ఉన్న జనానికి ప్రమాదం రాకుండా ఉండడానికి. మొదటి వైద్య పరీక్షలో అనర్హులన్న తీర్పు వచ్చినా అప్పీలు బోర్డును కోరే హక్కు ఉంటుంది. దాని గడువును, విధానాన్ని అక్కడే రాసుకుని రావాలి.

ఇక మొదట చెప్పిన ఆ ఒక్క అవకాశం సంగతి. వైమానిక దళ ఎంపిక బోర్డులో, ఎస్ఎస్‌బీ అని పిలిచే అయిదు రోజుల పరీక్షలలో నెగ్గినవారికి, ఫ్లయింగ్ శాఖ కోసం కంప్యూటర్ ద్వారా సామర్థ్య పరీక్ష జరుగుతుంది. దీనినే సీపీఎస్ఎస్ అంటారు. పాత రోజులలో పీఏబీటీ అనేవారు. విమానంలోని డయల్స్‌ను త్వరగా చదివి అర్థం చేసుకోవడం, తెరపై కదిలే బిందువును చేతిలోని స్టిక్‌తో, కాళ్ళ కింది పెడల్స్‌తో అదుపులో ఉంచుతూనే మధ్యలో వచ్చే సంకేతాలకు స్పందించడం ఇందులో ఉంటాయి. దీనిలో విఫలమైనవారు వైమానిక దళ ఫ్లయింగ్ శాఖకు ఆ తరువాత ఏ దారిలోనూ అర్హులు కారు, నౌకాదళ పైలట్ ఎంపికకూ వారిని అనుమతించరు. అందువల్ల అనుభవం కోసం ఒకసారి వెళ్ళి చూద్దామన్న ఆలోచన ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ వరకు పనికిరావచ్చు గానీ, ఈ పరీక్ష దగ్గర అది తీరని నష్టం తెస్తుంది. ఎత్తును చూపే ఆల్టీమీటర్, దిక్కును చూపే కంపాస్, విమానం ఎటు వాలిందో చూపే ఆర్టిఫిషియల్ హొరైజన్ వంటి పరికరాలను ఎలా చదవాలో ముందే నేర్చుకోవాలి. పరీక్ష నియమాలను వివరించే సూచనలను ఒక్క మాట కూడా వదలకుండా వినాలి, అర్థం కానిది అప్పుడే అడగాలి. ముందు రాత్రి తప్పక నిద్రపోవాలి. జ్వరంతో గానీ, చేతికి దెబ్బ తగిలి గానీ ఉంటే, పరీక్ష మొదలుకాకముందే అధికారులకు చెప్పాలి.

ఎస్ఎస్‌బీ గురించి ఒక్క మాట చాలు. అక్కడ వారు చూసేది బట్టీపట్టిన సమాధానాలను కాదు. మొదటిరోజు చూపించే బొమ్మకు కథ రాయడం మొదలుకొని మైదానంలో బృందంతో చేయించే పనుల వరకు అన్నింటిలోనూ ఒకే మనిషి కనిపించాలి. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇంగ్లిష్‌లో తడబడకుండా, తేలిక మాటలతో మాట్లాడడం సాధన చేయాలి. ఎంపికకు ముందు నుంచే ఆ అలవాటు ఉంటే, తరువాత విమానంలో రేడియోలో మాట్లాడేటప్పుడు ఎంతో మేలు చేస్తుంది. సర్టిఫికెట్ల విషయంలో మనవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది ఇంటిపేరు: పదో తరగతి మెమోలో పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తి పేరుగా ఉంటే, దరఖాస్తుకు ముందే రెంటినీ ఒకే విధంగా సరిచేయించుకోవాలి. డబ్బు ఇస్తే ఎంపిక చేయిస్తామని చెప్పేవారిని దరిచేరనీయరాదు. పౌర విమానయాన శిక్షణ సంస్థలో అర కోటికి పైగా ఖర్చు పెట్టి కమర్షియల్ పైలట్ లైసెన్సు తీసుకుంటే వైమానిక దళంలో సులభంగా చేరవచ్చన్న మాట కూడా నిజం కాదు. ఆ లైసెన్సు వయోపరిమితిని 26 సంవత్సరాలకు పెంచుతుందే తప్ప, ఏ పరీక్ష నుంచీ తప్పించదు.

ఎంపికైన తరువాత శిక్షణలో చేరేలోగా శరీరాన్ని సిద్ధం చేసుకోవాలి. 2.4 కిలోమీటర్లను 15 నిమిషాలలో పరుగెత్తడం, కనీసం ఇరవై చొప్పున పుషప్‌లు, సిటప్‌లు, ఎనిమిది చినప్‌లు, మూడు నాలుగు మీటర్ల తాడు ఎక్కడం అలవాటు చేసుకుని రమ్మని ఎన్‌డీఏ సూచిస్తుంది. కాల్‌లెటర్ వచ్చిన రోజు నుంచి ఒక్కసారిగా పరుగు పెంచితే మోకాలి కింది ఎముకలలో సన్నని పగుళ్ళు వచ్చి, చేరిన మొదటి నెలలోనే ఆసుపత్రిలో పడవలసి వస్తుంది. వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి, మన ఎండాకాలంలో అయితే తెల్లవారుజామున మాత్రమే పరుగెత్తాలి.

శిక్షణ ప్రధానంగా జరిగేది హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ వైమానిక దళ అకాడమీలో. ఎన్‌డీఏ వారు పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో మూడేళ్ళు పూర్తి చేసుకుని ఇక్కడికి వస్తారు, డిగ్రీ దారిలో వచ్చినవారికి ఇక్కడ ఏడాదికి పైగా శిక్షణ ఉంటుంది. మొదటి దశ పిలాటస్ పీసీ-7 విమానంపై సాగుతుంది, ఆ తరువాత వారివారి ప్రతిభను, దళపు అవసరాన్ని బట్టి పోరాట, రవాణా, హెలికాప్టర్ విభాగాలకు పంపి హకీంపేట, యలహంక, బీదర్ వంటి చోట్ల శిక్షణ కొనసాగిస్తారు. మొదటి వారాలలో చాలామందికి గాలిలో కడుపు తిప్పుతుంది. ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు. అయితే సొంతంగా మాత్ర వేసుకుని దాచడం ప్రమాదం, ఎందుకంటే అటువంటి మాత్రలలో ఎక్కువ భాగం మగత కలిగిస్తాయి. జలుబుతో ఎగిరితే విమానం దిగేటప్పుడు చెవిలోని పీడనం సమం కాక కర్ణభేరి దెబ్బతినవచ్చు, కాబట్టి ఆ ఉదయమే వైద్యునికి చెప్పి ఎగరడం మానుకోవాలి. రోజూ రాత్రి కుర్చీలో కూర్చుని మరునాటి ప్రయాణంలోని చెక్‌లను, అత్యవసర చర్యలను ఒక్కొక్కటిగా చేతులతో, నోటితో నెమరు వేసుకోవడం ఏ క్యాడెట్ కూడా వదలకూడని అలవాటు. నిర్ణీత గంటలలో పురోగతి లేకపోతే ఫ్లయింగ్ నుంచి తొలగించే వీలుంది, అలా తొలగినవారు మళ్ళీ పైలట్ శిక్షణకు రాలేరు. కాబట్టి అర్థం కాని పాఠాన్ని శిక్షకునికి ఆ రోజే చెప్పుకోవడం అవసరం.

ఈ వృత్తిలోని ప్రాణాపాయాన్ని ఇంట్లో మాట్లాడుకోకుండా పిల్లలను పంపరాదు. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి ఎగిరిన పిలాటస్ శిక్షణ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ సమీపంలో కూలిపోయి, శిక్షకుడూ క్యాడెట్టూ ఇద్దరూ మరణించారు. తల్లిదండ్రులు సంతకం చేసే బాండులో, తగిన కారణం లేకుండా శిక్షణ మధ్యలో మానుకుంటే అయిన ఖర్చు తిరిగి చెల్లించాలన్న షరతు ఉంటుంది. దానిని చదివించుకుని, అర్థం చేసుకున్న తరువాతే సంతకం పెట్టాలి. కమిషన్, అంటే అధికారిగా నియామకం, పొందక ముందే గాయపడి వైద్య కారణాలతో తొలగిన క్యాడెట్లకు మాజీ సైనికోద్యోగి హోదా దొరకని సమస్యను 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు స్వీకరించింది. శిక్షణ కాలంలో బీమా ఎంత, గాయమైతే సాయం ఏమిటి, ఎవరిని సంప్రదించాలి అన్న ప్రశ్నలకు రాతపూర్వకమైన జవాబులు చేరే రోజే తెలుసుకుని ఇంట్లో భద్రపరచాలి.

చివరగా కాలపరిమితి సంగతి చూడాలి. ఏఎఫ్‌క్యాట్ ద్వారా ఫ్లయింగ్ శాఖలో చేరినవారికి 14 సంవత్సరాల షార్ట్ సర్వీస్ కమిషన్ మాత్రమే లభిస్తుంది, దానికి పింఛను ఉండదు. ముప్పయ్యేడు, ముప్పయ్యెనిమిదేళ్ళ వయసులో విమానయాన సంస్థలోకి మారాలనుకునేవారు ఎగిరిన గంటలను నమోదు చేసే లాగ్‌బుక్‌ను ప్రతి ప్రయాణం తరువాత సక్రమంగా నింపి ధ్రువీకరింపజేసుకోవాలి. పౌర విమానయాన డైరెక్టరేట్ లైసెన్సు పరీక్షలను, వైద్య పరీక్షను సర్వీసు ముగిసే ముందు ఏడాది నుంచే మొదలుపెట్టాలి. ఎయిర్‌లైన్ కెప్టెన్ కావడానికి కావలసిన లైసెన్సుకు 1500 గంటల అనుభవం అవసరం. రవాణా విమానాలు నడిపేవారితో పోలిస్తే పోరాట విమానాలు నడిపేవారికి గంటలు నెమ్మదిగా పోగవుతాయి కనుక, ఆ లెక్కను సర్వీసులో ఉండగానే ఏటా చూసుకుంటూ ఉండాలి.