బండి కొనేవారికి లెక్కల పాఠం – 6: వారంటీ పొడిగింపు కొనాలా, వద్దా?

పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను: నెలకొకసారి ఓడోమీటర్ చూసి అంకె రాసుకోమని. రాసుకున్నవారు ఆ కాగితం తీసి పక్కన పెట్టుకోండి. రాసుకోనివారు పాత సర్వీసు బిల్లులు వెతకండి. తేదీ, కిలోమీటర్లు రెండూ వాటి మీదే ఉంటాయి. రెండు బిల్లుల మధ్య తిరిగిన దూరాన్ని మధ్యలో గడిచిన నెలలతో భాగిస్తే మనకు కావలసిన అంకె వస్తుంది. ఇప్పుడే మొదటి బండి కొంటున్నవారు రోజూ వెళ్లివచ్చే దూరాన్ని 25తో గుణించి, దానికి ఐదో వంతు కలపండి. ఊరికే ఒక చక్కరు కొట్టి వద్దామని బయల్దేరిన దూరాలు ఎవరి లెక్కలోనూ ఉండవు, ఓడోమీటర్‌లో మాత్రం ఉంటాయి.

ఈ అంకె చేతిలో లేకుండా ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి మాట్లాడి లాభం లేదు. అమ్మేవారు "ఇంకో రెండేళ్లు" అంటారు. మనం కొనేది రెండేళ్లో, పదకొండు నెలలో, ఇంకా తక్కువో ఈ అంకే చెబుతుంది.

దక్కేది ఎంత?

కాగితం మీద ఇలా ఉందనుకుందాం. అసలు వారంటీ 2 సంవత్సరాలు లేదా 30,000 కిలోమీటర్లు. పొడిగింపు తీసుకుంటే 4 సంవత్సరాలు లేదా 50,000 కిలోమీటర్లు. రెండింటిలో ఏది ముందైతే అది. చిన్న అక్షరాల్లో ఉండే ఆ చివరి ముక్క మీదే లెక్కంతా నడుస్తుంది.

నెలకు 600 కిలోమీటర్లు తిరిగే మనిషికి రెండేళ్లకు 14,400, నాలుగేళ్లకు 28,800 అవుతుంది. కిలోమీటర్ల గడువు అతని జోలికే రాదు. పొడిగింపులో 24 నెలలూ అతనికి దక్కుతాయి.

నెలకు 1,800 తిరిగే మనిషి సంగతి చూడండి. 30,000ను 1,800తో భాగిస్తే 16.7. అంటే పదిహేడో నెలలోనే అసలు వారంటీ అయిపోయింది. 50,000ను భాగిస్తే 27.8. కాబట్టి పొడిగింపు కూడా ఇరవై ఎనిమిదో నెలలో ముగుస్తుంది. దక్కింది పదకొండు నెలలు.

అలాగని ఎక్కువ తిరిగేవారికి నష్టం అని రాసేసుకోకండి. ఈయనకు ఆ పదకొండు నెలల్లో 20,000 కిలోమీటర్లకు రక్షణ దొరికింది. మొదటాయనకు 24 నెలల్లో దొరికింది 14,400 కిలోమీటర్లకే. గేర్లు, బేరింగులు, పిస్టన్ రింగులు దూరంతో అరుగుతాయి. వైర్లు, కనెక్టర్లు, సెన్సర్లు దూరంతో పెద్దగా పనిలేకుండా వేడికీ తేమకూ ఏళ్లకూ పాడవుతాయి. అందుకే ఒకే కాగితం తక్కువ తిరిగేవారికి ముఖ్యంగా కరెంటు పనుల వారంటీ అవుతుంది, ఎక్కువ తిరిగేవారికి ఇంజను వారంటీ అవుతుంది. మీది ఏదో గుర్తించి మార్జిన్‌లో రాసుకోండి. తరువాతి లెక్కలో అవసరం పడుతుంది.

ఇంకొక తిరకాసు ఉంది. పొడిగింపు ఎప్పుడు మొదలవుతుంది? అసలు వారంటీ ముగిసిన మరునాటి నుంచా, లేక ఇరవై ఐదో నెల నుంచా? రెండోది అయితే మన 1,800 కిలోమీటర్ల మనిషికి మధ్యలో ఏడు నెలలకు పైగా ఏ వారంటీ ఉండదు. ఇరవై ఐదో నెల వచ్చేసరికి బండి 43,200 దగ్గర ఉంటుంది. మిగిలింది 6,800 కిలోమీటర్లు. నాలుగు నెలలు కూడా రావు. ఈ ప్రశ్నకు జవాబును నోటిమాటగా తీసుకోవద్దు, కాగితంలో ఏ వాక్యంలో ఉందో చూపించమనండి. ఆ బండితోనే డెలివరీ పని చేసేవారు, అద్దెకు ఇచ్చేవారు వ్యాపార వాడకం గురించిన షరతును ముందుగా చూసుకోవాలి. చాలా ఒప్పందాలు అలాంటి బండ్లకు వర్తించవు.

చివరి పేజీ ముందు చదవండి

వేటికి వర్తిస్తుంది అన్న పేజీ అందంగా అచ్చువేస్తారు. వేటికి వర్తించదు అన్న పేజీ వెనక ఉంటుంది. దానినుంచే మొదలుపెట్టండి. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, చైన్ స్ప్రాకెట్, టైర్లు, బ్యాటరీ, బల్బులు, ఫిల్టర్లు, కేబుళ్లు, రబ్బరు భాగాలు సాధారణంగా అరుగుదల కింద పక్కకు పోతాయి. తరచూ మన చేతి డబ్బు పడేది వీటి మీదే. ముందు ఫోర్కు ఆయిల్ సీల్ కూడా చాలాచోట్ల ఈ జాబితాలోనే ఉంటుంది. గొట్టం మీద ఎండిన మట్టి దాని అంచును కోసేస్తుందన్నది వారి వాదన, కాదనలేం.

తరువాత మార్పులు చేర్పుల గురించిన షరతు. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే.

మూడో ఏట నా బండికి స్టేటర్ కాలిపోయింది. ఇంజను పక్క మూత కింద గుండ్రంగా, రాగి తీగ చుట్లతో ఉంటుంది. ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించేది అదే. పొడిగింపు వారంటీ ఉంది కదా అని ధీమాగా సర్వీసు సెంటరుకు వెళ్లాను. మెకానిక్ ఇంజను మూత జోలికి పోనేలేదు. ముందు సీటు ఎత్తాడు. వైర్ల కట్టలో నల్ల టేపు చుట్టిన ముడి ఒకటి ఉంటే దాన్ని రెండు వేళ్లతో పైకి తీసి, ఏమీ అనకుండా నా వైపు చూశాడు. ఏడాది క్రితం పొగమంచులో దారి కనబడాలని అదనపు లైట్లు పెట్టించుకున్నాను. వాటి కోసం తీగ కోసి వేయించిన అతుకు అది. క్లెయిమ్ పోయింది. ఇంటికి వచ్చి కాగితం తీస్తే ఆ షరతు స్పష్టంగా ఉంది. ఆ లైట్ల భారానికే స్టేటర్ కాలిందా, దానంతట అది కాలిందా అన్నది తేల్చే ఓపిక నాకు తప్ప ఎవరికీ లేదు.

ఇక సర్వీసు షరతు. ప్రతి సర్వీసూ గడువులోనే, కంపెనీ గుర్తించిన చోటే చేయించాలని ఉంటే, పొడిగింపు తీసుకున్నవారు మరో రెండేళ్లు ఆ గేటుకే కట్టుబడినట్టు. నమ్మకమైన మెకానిక్ దగ్గర అదే సర్వీసు తక్కువకు అవుతుందనుకుంటే, ఆ తేడా కూడా వారంటీ ధరే. బిల్లులో మాత్రం కనబడదు.

ఇప్పుడు లెక్క

బండి ధర 100 అనుకోండి. మీ బండి ధర ఎంతైనా ఈ పద్ధతి మారదు. పొడిగింపు ధర 3 అనుకుందాం. పెద్ద మరమ్మతులకు, కూలితో సహా, నమూనాగా ఈ అంకెలు తీసుకుంటున్నాను: ఛార్జింగ్ భాగాలు 4, పెట్రోలు పంపు (ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు పంపే భాగం) 4, డిస్‌ప్లే 12, ఏబీఎస్ యూనిట్ (బ్రేక్ గట్టిగా వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) 15, ఇంజను లోపలి పని 30. మీ బండి అసలు అంకెల కోసం స్పేర్ పార్టుల ధరలు అడిగి తెలుసుకోండి.

ఏ భాగం పాడయ్యే అవకాశం ఎంతో మనకు తెలియదు, వారంటీ అమ్మేవారికి తెలుసు. అందుకని తలకిందులుగా లెక్క వేద్దాం. 3ను మరమ్మతు ఖర్చుతో భాగించండి. పెట్రోలు పంపుకు మూడు బై నాలుగు. అంటే ఇలాంటి నాలుగు బండ్లలో మూడింటికి ఆ గడువులో పంపు పోతేనే, పంపు ఒక్కదాని కోసం ఈ వారంటీ గిట్టుబాటు. డిస్‌ప్లేకు నాలుగింట ఒకటి, ఏబీఎస్‌కు ఐదింట ఒకటి, ఇంజనుకు పదింట ఒకటి. ఇప్పుడు ఇదే రకం బండ్లు రోజూ విప్పే మెకానిక్‌ను "ఇది మంచి బండేనా?" అని కాకుండా, "మూడో ఏట, నాలుగో ఏట వచ్చే పది బండ్లలో ఎన్నింటికి ఇది పోతుంది?" అని అడగండి. మొదటి ప్రశ్నకు అభిప్రాయం వస్తుంది, రెండోదానికి లెక్క వస్తుంది.

ఆయన చెప్పినదాన్ని బట్టి మీరు ఇలా అంచనా వేశారనుకుందాం: ఛార్జింగ్ 100కు 10, పంపు 5, డిస్‌ప్లే 3, ఏబీఎస్ 5, ఇంజను 1. ఒక్కోదాన్ని దాని ఖర్చుతో గుణించి వందతో భాగిస్తే వరుసగా 0.40, 0.20, 0.36, 0.75, 0.30. కలిపితే 2.01. మీరు కట్టేది 3. సర్వీసుకు 0.5 చొప్పున తేడా ఉండి, పొడిగింపు కాలంలో నాలుగు సర్వీసులు పడితే ఇంకో 2 కలుస్తుంది. రెండు విలువ చేసే రక్షణకు ఐదు కడుతున్నారు.

ఈ అవకాశాలు తక్కువగా ఉండటానికి కారణం ఉంది. యంత్రాల చెడుదలను గీత గీస్తే స్నానపు తొట్టి ఆకారం వస్తుందని ఇంజనీర్లు చెబుతారు. తయారీ లోపాలు తొలి రోజుల్లోనే బయటపడతాయి కాబట్టి మొదట ఎత్తు, చాలాకాలం అడుగున చదును, అరుగుదల ముదిరాక మళ్లీ ఎత్తు. అసలు వారంటీ మొదటి ఎత్తును కాస్తుంది. పొడిగింపు చాలావరకు ఆ చదును మీదే పడుతుంది. కొత్తగా వచ్చిన మోడల్ తొలి విడత బండ్లకు మాత్రం ఈ ధీమా పనికిరాదు. వాటి చరిత్ర ఇంకా ఎవరి దగ్గరా లేదు.

మరి ఎవరు కొనాలి?

2.01 కన్నా 3 ఎక్కువ కాబట్టి ఎవరూ కొనకూడదా? ఈ ప్రశ్నకు జవాబు 1738లోనే ఉంది. గణితవేత్త డేనియల్ బెర్నూలీ ఆ ఏడు సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ ప్రచురించిన వ్యాసంలో ఒక వర్తకుడి లెక్క ఇచ్చాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కొన్న సరుకు పీటర్స్‌బర్గ్ చేరితే 10,000 రూబుళ్లు వస్తాయి. ఆ కాలంలో నూరు ఓడల్లో ఐదు మునుగుతాయి. బీమా 800 రూబుళ్లకు తక్కువ ఎవరూ ఇవ్వరు. సగటు నష్టం 500 మాత్రమే. అయినా బీమా తీసుకోవాలా అంటే, ఆ సరుకు కాక అతని దగ్గర ఇంకెంత ఆస్తి ఉందో చెప్పమన్నాడు. 5,043 రూబుళ్లకన్నా తక్కువ ఉంటే తీసుకోవాలి, ఎక్కువ ఉంటే అక్కరలేదు.

మన 2.01కీ 3కీ ఉన్న సంబంధం ఆ 500, 800ల సంబంధానికి దగ్గరగానే ఉంది. కాబట్టి మీరు వేసుకోవలసిన ప్రశ్న కూడా అదే. రేపు ఉదయం 15 ఖర్చు మీద పడితే అప్పు చేయాలా? బండి నెలరోజులు మూలన పడితే పని ఆగుతుందా? అవును అయితే ఒకటి ఎక్కువ కట్టినా తప్పులేదు. కాదు అయితే ఆ 3 మీ దగ్గరే ఉండనివ్వండి. విడిగా దాచిపెడతాం అని అందరూ అంటారు, దాచేవారు కొందరే. మీరు ఏ కోవకు చెందుతారో మీకు తెలుసు.

నా మట్టుకు నేను ఏబీఎస్ యూనిట్, రంగుల డిస్‌ప్లే లేని చిన్న బండికి పొడిగింపు కొనను. అందులో పోయేది చాలావరకు వారంటీ కాయనిదే. ఖరీదైన ఎలక్ట్రానిక్స్ ఉన్న బండిని నాలుగేళ్లకు పైగా ఉంచుకునేవారు లెక్క వేసి చూడాలి. మూడేళ్లలో అమ్మేసేవారు, వారంటీ కొత్త యజమాని పేరుకు మారుతుందో లేదో తెలుసుకోకుండా డబ్బు కట్టకూడదు.

బండి కొన్న రోజే తేల్చుకోవాలన్న తొందర అమ్మేవారిదే. అసలు వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చని చాలా ఒప్పందాలు చెబుతాయి, ఆలస్యానికి ధర కొంత పెరగవచ్చు. చివరి తేదీ ఏది, అప్పటి ధర ఎంత అన్నవి రాయించుకుని ఇంటికి వచ్చేయండి. ఆ లోపు మీ బండి గుణం మీకే తెలుస్తుంది.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. పొడిగింపు వద్దనుకున్నవారు అసలు వారంటీ ముగియడానికి నెల ముందు బండిని పూర్తిగా పరీక్ష చేయించండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజి మామూలుగా 13.5 నుంచి 14.5 వరకు ఉండాలి. బాగా తక్కువైతే స్టేటర్ వైపు, 15 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ వైపు అనుమానం. ఇంజను కీళ్ల దగ్గర నూనె చెమ్మ, స్టీరింగ్ తిప్పితే పట్టేసినట్టు ఉండటం, చల్లని ఇంజనులో వింత చప్పుడు, ఇలాంటివన్నీ సర్వీసు సెంటరు ఇచ్చే జాబ్‌కార్డులో రాయించండి. నోటితో చెప్పిన ఫిర్యాదుకు తేదీ ఉండదు. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకొకసారి మార్పించడం మరవకండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ ఏబీఎస్ యూనిట్ లోపలి వాల్వులను తినేస్తుంది.

అభ్యాసం

1. అసలు వారంటీ 3 సంవత్సరాలు లేదా 36,000 కిలోమీటర్లు, పొడిగిస్తే 5 సంవత్సరాలు లేదా 60,000. నెలకు 1,200 తిరిగే బండికి అసలు వారంటీ ఎన్నో నెలలో ముగుస్తుంది? పొడిగింపులో దక్కేది ఎన్ని నెలలు? పొడిగింపు ముప్పై ఏడో నెల నుంచే మొదలయ్యేటట్టయితే ఎన్ని?

2. పై బండికి పొడిగింపు ధర 4, సర్వీసు తేడా మొత్తం 1. ఏబీఎస్ యూనిట్ 15. ఎన్ని బండ్లలో ఒకదానికి అది పోతే ఈ ధర గిట్టుబాటు అవుతుంది?

3. మీ సొంత బండి కాగితంలో "వర్తించదు" అన్న పేజీ చదివి, అందులో గత ఏడాది మీరు డబ్బు పెట్టిన భాగాలకు గీత గీయండి.

మొదటి రెండింటి జవాబులు ఏడో పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠం వాడిన బండి ధర కట్టడం గురించి. మూడోదానికి గీసిన కాగితం అప్పుడు కూడా కావాలి, పారేయకండి.