హ్యూస్టన్, టాంపా వైపు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకు హరికేన్ జాగ్రత్తలు

అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా ఉంటుంది. తుఫాను వార్త రాగానే అందరూ అడిగేది "కేటగిరీ ఎంత?" అని. ఆ నంబరు గాలి వేగం మాత్రమే చెబుతుంది. ఉప్పెన ఎంత ఎత్తున వస్తుందో, వాన ఎంత పడుతుందో అందులో ఉండదు. ప్రాణాలు ఎక్కువగా తీసేది మాత్రం నీళ్లే. 1977 దివిసీమ ఉప్పెన గురించి పెద్దవాళ్ల నోట విన్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

సముద్రం పైపొర 26.5 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే ఆవిరి లేస్తుంది. అది మేఘంగా మారేటప్పుడు వదిలే వేడే తుఫానుకి బలం. 2022లో ఇయన్ హరికేన్ అలాగే కరీబియన్‌లో పుట్టి, క్యూబా దాటి, సెప్టెంబర్ 28న గంటకు 240 కిలోమీటర్ల గాలితో ఫ్లోరిడాలో తీరం దాటింది. మొదట అందరి టెన్షన్ టాంపా గురించే. చివరికి అది దక్షిణానికి తిరిగి ఫోర్ట్ మయర్స్ వైపు వెళ్లింది. అక్కడి బీచ్‌లో నీళ్లు 10 అడుగులకు పైగా లేచాయి. తుఫాను నేరుగా బలితీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ ఉప్పెనలోనే పోయారు. అందుకే మ్యాప్‌లో కోన్ గీత మన ఊరి పక్కనుంచి పోతోందని నిశ్చింతగా ఉండొద్దు. తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో చూపేదే ఆ కోన్. గాలీ నీళ్లూ దాని బయట కూడా దెబ్బతీస్తాయి.

ఈ రోజే మీ కౌంటీ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టి ఎవాక్యుయేషన్ జోన్ (ఇళ్లు ఖాళీ చేయమని ఆర్డర్ ఇచ్చే ప్రాంతం) చూసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లు చెప్పే ఫ్లడ్ జోన్ వేరు, ఇది వేరు. మీ జోన్‌కి ఆర్డర్ వస్తే ఆలోచించకుండా బయల్దేరండి. వందల మైళ్లు పోనక్కర్లేదు, తీరానికి దూరంగా, ఎత్తు మీద ఉన్న స్నేహితుల ఇల్లు చాలు. వాళ్లని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. పాస్‌పోర్టులు, ఐ-20, ఐ-797 లాంటి వీసా కాగితాలు జిప్ కవర్లో పెట్టండి. కార్లో గ్యాస్ (పెట్రోల్) సగానికి తగ్గనివ్వకండి.

తీరానికి దూరంగా ఉన్నామని ధీమా వద్దు. 2017లో హార్వీ హరికేన్ టెక్సస్ మీద రోజుల తరబడి కదలకుండా కూర్చుంది, ఒకచోట ఏకంగా 60 అంగుళాల వాన పడింది. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టం ఇవ్వదు. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ సాధారణంగా తీసుకున్న 30 రోజులకి గానీ అమల్లోకి రాదు, తుఫాను పేరు వినపడ్డాక తీసుకుంటే ఆలస్యమే. రోడ్డు మీద రెండడుగుల నీళ్లు చాలు, చాలా కార్లు కొట్టుకుపోతాయి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఇంకా జాగ్రత్త. 2024 జులైలో బెరిల్ హరికేన్ టెక్సస్ తీరం దాటేటప్పుడు కేటగిరీ 1 మాత్రమే, అయినా హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. ఆ ఎండలో ఏసీ లేకుండా రోజులు గడిపారు. బీపీ, షుగర్ మందులు రెండు వారాలకి సరిపడా ముందే తెచ్చుకోండి. మనిషికి రోజుకో గ్యాలన్ నీళ్లు, అటుకులు, జంతికల్లాంటి పొయ్యి అక్కర్లేని తిండి పెట్టుకోండి. జనరేటర్‌ని తలుపు తీసి ఉన్నా సరే గ్యారేజ్‌లో పెట్టొద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టండి.