ఎకనామిక్ కన్సల్టింగ్ కేస్ ఇంటర్వ్యూ ఉందా? గుణించే ముందు ఆగండి

గత వారం మన కుర్రాడొకడు బోస్టన్ నుంచి ఫోన్ చేశాడు. ఎకనామిక్స్‌లో ఎంఎస్, స్టాటా (గణాంకాల సాఫ్ట్‌వేర్) కొట్టిన పిండి. అయినా చివరి రౌండ్‌లో పోయింది. ఏం అడిగారో, ఏం చెప్పాడో విన్నాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

టైముకి వెళ్లడం, రెజ్యూమె ప్రింటు తీసుకోవడం మీకు తెలిసినవే, వదిలేద్దాం. కార్నర్‌స్టోన్, ఎనాలిసిస్ గ్రూప్, నేరా లాంటి ఎకనామిక్ కన్సల్టింగ్ కంపెనీల్లో కేసు, అంటే ఇంటర్వ్యూలో విప్పమని ఇచ్చే సమస్య, ఎక్కువగా కోర్టు చుట్టూ తిరుగుతుంది. కంపెనీలు కుమ్మక్కయ్యాయా, విలీనంతో పోటీ తగ్గుతుందా, నష్టం ఎంత? లాభాలు పెంచే ఫ్రేమ్‌వర్కులు బట్టీ పడితే ఇక్కడ పనికిరావు.

కుర్రాడికి ఇచ్చిన ప్రశ్న ఇది. సరఫరాదారులు కుమ్మక్కయ్యాక ధర 100 డాలర్ల నుంచి 130 అయింది, 10 లక్షల యూనిట్లు అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లకు నష్టమెంత? అతను 30ని 10 లక్షలతో గుణించి 3 కోట్ల డాలర్లు అన్నాడు. అతనికిచ్చిన పట్టికలో కింద వరుసలోనే ముడిసరుకు ధరలున్నాయి, అవీ పెరిగాయి. కుమ్మక్కు లేకపోయినా ధర 118కి చేరేదైతే యూనిట్‌కి నష్టం 12 డాలర్లే, మొత్తం 1.2 కోట్లు. అవతలి పక్షం లాయరు ఆ తేడా పట్టుకుంటే ఎక్స్‌పర్ట్ రిపోర్టు (కోర్టుకిచ్చే నిపుణుడి నివేదిక) నిలబడదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

అంకె చెప్పేముందు అడగండి: ఆ పని జరగకపోయి ఉంటే ఏమయ్యేది?

సాధనకు ఆఫీసు సామాన్లమ్మే స్టేపుల్స్, ఆఫీస్ డిపో దుకాణాల విలీనం కేసు తీసుకోండి. రెండు దుకాణాలూ పోటీపడే ఊళ్లలో ధరలు తక్కువని ఎఫ్‌టీసీ (పోటీని కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ) చూపింది, 1997లో కోర్టు విలీనాన్ని ఆపింది. ఇప్పుడు మీరు ప్రశ్నించండి: ఆ తేడా పోటీ వల్లేనా? అద్దెలు, జీతాలు కూడా ఊరూరికీ మారతాయి కదా? ఆ ఊళ్లో పోటీ దుకాణం లేకపోయి ఉంటే ధర ఎంతుండేది?

మిగతావి వరసగా:

- రెజ్యూమెలో రిగ్రెషన్ (ఒకదాని మీద మిగతావాటి ప్రభావం కొలిచే గణాంక పద్ధతి) ఉంటే, ఏ వేరియబుల్ వదిలేశారో, దానివల్ల ఫలితం ఎటు ఒరుగుతుందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ లైను తీసేయండి.
- మార్కెట్ వాటా లెక్కగట్టే ముందు, ధర 5 శాతం పెరిగితే కొనేవాళ్లు దేనికి మళ్లుతారో ఆలోచించండి.
- 4 శాతం 6 శాతమైతే పెరిగింది 2 శాతం పాయింట్లు. 2 శాతం అనొద్దు.
- గ్రాఫ్ ఇస్తే ముందు అక్షాలు చదవండి.
- నోరు మూసుకుని లెక్కలు చేయొద్దు.
- పాత ఇంటర్న్‌షిప్‌లో క్లయింటు పేరు చెప్పొద్దు. ఎంత అడిగినా చెప్పొద్దు.
- "ఊరికే ఒక అంకె చెప్పండి" అని తొందరపెట్టినా, ముందు అదే ప్రశ్న: జరగకపోయి ఉంటే?
- తెలియని గణాంక టెస్టు పేరు ఎత్తొద్దు. వెంటనే వివరించమంటారు.
- మీ జవాబులో బలహీనత ఏమిటని అడుగుతారు. ఏమీ లేదనొద్దు. మీరు అనుకున్నవాటిలో ఏది మారితే జవాబు తారుమారవుతుందో చెప్పండి.