చదరంగంలో డి4కు జవాబుగా నల్ల పావులతో స్లావ్ డిఫెన్స్ ఆడడం ఎలా?

తెల్ల పావుల ఆటగాడు మంత్రి ముందున్న బంటును డి4కు (తెలుపు వైపు నుంచి చూస్తే ఎడమ నుంచి నాలుగో నిలువు వరుసలో కింది నుంచి నాలుగో గడికి) జరిపి ఆట మొదలుపెట్టినప్పుడు నలుపును ఎక్కువగా ఇబ్బంది పెట్టేది సి8 గడిలోని బిషప్ (శకటు). డి5 బంటుకు అండగా ఇ6లో మరో బంటును నిలిపితే ఆ బిషప్‌కు దారి మూసుకుపోతుంది. అదే అండను సి6 బంటుతో ఇస్తే దారి తెరిచే ఉంటుంది. స్లావ్ డిఫెన్స్‌కు మూలం ఈ ఆలోచనే. 1935, 1937 సంవత్సరాల్లో అలెఖైన్, యూవే మధ్య జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీల్లోనూ, 2006లో ఎలిస్టాలో క్రామ్నిక్, టోపలోవ్ తలపడినప్పుడూ ఈ డిఫెన్స్ బోర్డు మీదికి వచ్చింది.

మొదటి ఎత్తులో డి4కు డి5తో, రెండో ఎత్తులో సి4కు సి6తో జవాబివ్వండి. తెలుపు వెంటనే డి5 బంటును కొడితే సి6 బంటుతో తిరిగి కొట్టి, గుర్రాలను ఎఫ్6, సి6 గడులకు తెచ్చుకోండి. ఆ ఆట సమానంగా, నెమ్మదిగా సాగుతుంది.

మూడో ఎత్తులో తెల్ల గుర్రం ఎఫ్3కు వస్తే మీ గుర్రాన్ని ఎఫ్6కు తీయండి. నాలుగో ఎత్తులో రెండో తెల్ల గుర్రం సి3కు వచ్చాక చాలామంది తొందరపడి బిషప్‌ను ఎఫ్5కు తీసుకెళతారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. తెలుపు డి5లో బంట్లను మార్చుకుని మంత్రిని బి3కు తెస్తే, బిషప్ వదిలి వచ్చిన బి7 బంటు మీదా, డి5 బంటు మీదా ఒకేసారి దాడి మొదలవుతుంది. మంత్రిని బి6కు తెచ్చి కాపాడబోతే తెల్ల గుర్రం డి5 బంటును కొట్టేస్తుంది. బంటును బి6కు జరిపితే తెలుపు ఇ4 ఆడి కేంద్రాన్ని, అంటే బోర్డు మధ్య గడులను, బద్దలు కొడుతుంది. లేదంటే బిషప్‌ను తిరిగి సి8కు పంపి రెండు ఎత్తులు వృథా చేసుకోవాలి.

అందుకే నాలుగో ఎత్తులో ముందుగా డి5 బంటుతో సి4 బంటును కొట్టండి. ఇకపై బి5 ఆడి ఆ బంటును నిలబెట్టుకుంటామన్న బెదిరింపు మీ చేతిలో ఉంటుంది కాబట్టి, దాన్ని ఆపడానికి తెలుపు సాధారణంగా ఎ4 ఆడుతుంది. ఆ ఎత్తుతో బి4 గడి బలహీనపడుతుంది, ఎందుకంటే అక్కడికి వచ్చే మీ బిషప్‌ను ఎ3 బంటుతో తరిమే అవకాశం తెలుపుకు ఇక లేదు. ఇప్పుడు, అంటే ఐదో ఎత్తులో, బిషప్‌ను ఎఫ్5కు తీయండి. అక్కడి నుంచి అది ఇ4 గడిని కాపలా కాస్తూ తెల్ల బంటును నిలువరిస్తుంది.

ఆరో ఎత్తులో తెలుపు ఇ3 ఆడితే మీరు ఇ6 ఆడండి. తెల్ల బిషప్ సి4 బంటును కొట్టాక మీ రెండో బిషప్‌ను బి4కు తెచ్చి, క్యాస్లింగ్ చేసి (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరిపి), మిగిలిన గుర్రాన్ని డి7కు తీయండి. తెలుపు మంత్రిని ఇ2కు తెచ్చి చివరికి ఇ4 సాధిస్తే బిషప్ జి6కు తగ్గుతుంది. ఆపై సి5 గానీ ఇ5 గానీ ఆడి తెలుపు కేంద్రాన్ని సవాలు చేయడమే మీ లక్ష్యం. ఎంతసేపూ వేచి చూస్తూ కూర్చుంటే తెలుపుకున్న అదనపు జాగా మిమ్మల్ని నలిపేస్తుంది.

ఆరో ఎత్తులో తెల్ల గుర్రం ఇ5కు దూకే పద్ధతి మరింత పదునైనది. ఎఫ్3, ఇ4 ఆడి మీ బిషప్‌ను బంధించడం దాని ఉద్దేశం. ఇ6 ఆడి, తర్వాత బిషప్‌ను ఇ4లో బలిచ్చి మూడు బంట్లు తీసుకునే ప్రసిద్ధమైన దారి ఉన్నా, వరుస మొత్తం కంఠస్థం కానిదే అందులోకి దిగవద్దని నా సలహా. బి8లోని గుర్రాన్ని డి7కు తీసి, తెల్ల గుర్రం సి4 బంటును కొట్టాక మంత్రిని సి7కు తెచ్చి, తెలుపు జి3 ఆడగానే ఇ5తో కేంద్రాన్ని తెరవడం సులభంగా అర్థమయ్యే మార్గం.

నాలుగో ఎత్తులోనే తెలుపు ఇ3 ఆడితే మాత్రం సి4 బంటును కొట్టే అవసరం లేకుండా బిషప్‌ను నేరుగా ఎఫ్5కు తీయవచ్చు. సి3లో తెల్ల గుర్రం లేదు కాబట్టి డి5 బంటు మీద అదనపు ఒత్తిడి ఉండదు, తెలుపు బంట్లు మార్చుకుని మంత్రిని బి3కు తెచ్చినా మీ మంత్రి సి7 నుంచి బి7 బంటును నిశ్చింతగా కాపాడుతుంది.