చర్చి నుంచి వచ్చిన అరగంటలో క్రిస్మస్ బ్రంచ్: పదిహేను మందికి ఇంట్లో ఎలా ప్లాన్ చేసుకోవాలంటే

క్రిస్మస్ రోజు మన ఇళ్ళల్లో పొద్దున టిఫిన్ అనేది సరిగ్గా ఉండదు కదండీ. తెల్లారుజామున నాలుగింటికి ఒక ఆరాధన, మళ్ళీ తొమ్మిదిన్నరకి పెద్ద ఆరాధన, మధ్యలో తలస్నానాలు, పిల్లలకి కొత్త బట్టలు, ఒకళ్ళు పాలు తాగి పోతారు, ఒకళ్ళు బిస్కెట్ నోట్లో వేసుకుని పోతారు, పదకొండున్నరకి చర్చి వదిలేసరికి అందరికీ కడుపు నకనకలాడతా ఉంటది. ఆ టైంకి టిఫిన్ పెట్టలేం, భోజనానికేమో ఇంకా టైం ఉంటది, రెండూ కలిపి పెట్టేస్తే సరిపోద్ది. దాన్నే ఇప్పుడు బ్రంచ్ అంటున్నారు, మనకి పేరు లేకుండా ఎప్పటినుంచో ఉన్నదే.

ఇది రాయడానికి అసలు కారణం మా అమ్మ. ఒంగోల్లో మా చిన్నప్పుడు క్రిస్మస్ రోజు అమ్మ పెద్ద ఆరాధనకి వచ్చేది కాదు, "కూర పొయ్యి మీదుంది, మీరు పోయి రండి" అనేది. సండే స్కూల్ డ్రామాలో నేను మరియమ్మ వేషం వేసిన ఏడు కూడా అమ్మ చూళ్ళేదు. అందుకే ఇప్పుడు నేను మెనూ రాసుకునేటప్పుడు ముందు ఒకటే చూసుకుంటా, వంట చేసే మనిషి ఆరాధనలో చివరి ఆశీర్వాదం దాకా కూర్చోవాలి, ఇంటికొచ్చాక అరగంటలో అందరితో పాటు ప్లేటు పట్టుకోవాలి. దీనికి అడ్డొచ్చే వంట ఎంత బాగున్నా ఆ రోజుకి వద్దు.

ఆ లెక్కన మొదట తీసేసింది కారం దోశ. మాది ఒంగోలు, అత్తగారిది నెల్లూరు, కారం దోశ లేకుండా పండగేంది అని మా ఆయన ప్రతి ఏడూ అడుగుతాడు, కానీ పదిహేను మందికి తలా రెండంటే ముప్పై దోశలు, ఒక మనిషి గంట సేపు పెనం ముందే నిలబడాలి, ఆ మనిషి చివర్లో ఒంటరిగా తినాలి. అది 26న పోసుకుందాం. బ్రంచ్‌కి నేను పెట్టేది ఇడ్లీ, నెల్లూరు చేపల పులుసు, గారెలు, నాటుకోడి కూర, పులిహోర, కేకు, పళ్ళు, కాఫీ. ఇంతే. వినడానికి ఎక్కువగా ఉంది గానీ వీటిలో చర్చి నుంచి వచ్చాక వండేది ఒక్క గారెలే, మిగతావన్నీ ముందే అయిపోతాయి.

ముందు మనుషుల లెక్క తేల్చుకోండి. మన వైపు ఇది అంత తేలిక్కాదు. 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం ఇది, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలం నుంచి ఊరూరా క్రైస్తవ సంఘాలు, ఊరూరా చుట్టాలు, పన్నెండు మందిని పిలిస్తే పదిహేను మంది వస్తారు, వాళ్ళల్లో వేరే సంఘం నుంచి వచ్చిన పాస్టరు అయ్యగారు, అమ్మగారు కూడా ఉండొచ్చు. అందుకని పిలిచిన లెక్క మీద ఇంకో ముగ్గురికి కలిపి వండుకోండి. పెంచాల్సొస్తే ఇడ్లీ, పులిహోర పెంచండి, మాంసం కూర పెంచితే ఖర్చు పెరుగుద్ది, కడుపు నిండేది మాత్రం ఇడ్లీతోనే. కుర్చీలు, పెద్ద గుండిగ చాలకపోతే షామియానా సప్లయర్స్ దగ్గర అద్దెకి దొరుకుతాయి, కానీ 24 సాయంత్రం పోతే ఏమీ మిగలవు, 20వ తారీకుకే చెప్పి పెట్టుకోండి.

ఇంకో సంగతి, ఇది చాలా మంది మర్చిపోతారు. డిసెంబర్ నెలాఖరు అంటే వీధిలో సగం మంది అయ్యప్ప మాలలో ఉంటారు, కొందరు ధనుర్మాసం అని నీచు ముట్టరు. మాలలో ఉన్న స్వాములు మనింట్లో వండింది తినరు, వాళ్ళని ఇబ్బంది పెట్టబాకండి, పళ్ళు, కొబ్బరి బొండాలు ఒక కొత్త సంచిలో పెట్టి ముందు రోజే ఇచ్చి రండి. మాల లేని శాకాహారులు వస్తారనుకుంటే పులిహోర, ఇడ్లీ, కొబ్బరి పచ్చడి వేరే గిన్నెల్లో, వేరే గరిటెలతో, చేపల గిన్నెకి దూరంగా ఇంకో బల్ల మీద పెట్టండి. వాళ్ళు అడగకముందే మనం అలా పెడితే వాళ్ళకి ఎంత సంతోషమో, నేను కళ్ళారా చూశా.

ఇక వంటకొస్తే కేకు అన్నిటికన్నా ముందు అయిపోవాలి, 21 లోపు. కిస్‌మిస్, ఖర్జూరం ముక్కలు, టూటీ ఫ్రూటీ, చెర్రీలు, జీడిపప్పు అన్నీ కలిపి 300 గ్రాములు, నల్ల ద్రాక్ష రసంలో ముందు రాత్రి నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, మా ఇంట్లో రమ్ము వాడం, ద్రాక్ష రసంతో రుచికి ఏ లోటూ రాదు. 100 గ్రాముల పంచదార మందపాటి గిన్నెలో ముదురు గోధుమ రంగు వచ్చేదాకా కరిగించి, స్టవ్ ఆపేసి, వెనక్కి జరిగి 100 మిల్లీలీటర్ల వేడి నీళ్ళు మెల్లగా పొయ్యండి, చల్ల నీళ్ళు పోస్తే ఎగిరి చేతి మీద పడుద్ది, పిల్లల్ని మాత్రం దగ్గరికి రానియ్యబాకండి. ఆ పాకం బాగా చల్లారాక 200 గ్రాముల వెన్న, 200 గ్రాముల పంచదార పొడి గిలక్కొట్టి, నాలుగు గుడ్లు ఒక్కొక్కటే వేసి, 250 గ్రాముల మైదా, ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్, కాస్త దాల్చిన చెక్క లవంగం జాజికాయ పొడి జల్లించి కలిపి, పాకం పోసి, చివర్లో రసం వడకట్టిన పళ్ళని ఒక స్పూన్ మైదాలో దొర్లించి వేసుకోవాలి, దొర్లించకపోతే పళ్ళన్నీ అడుక్కి పోతాయి. ఓవెన్ లేకపోతే ప్రెషర్ కుక్కర్ చాలు, గాస్కెట్, విజిల్ రెండూ తీసెయ్యాలి, అడుగున ఉప్పు పరిచి స్టాండు పెట్టి పది నిమిషాలు వేడెక్కనిచ్చి, సన్న మంట మీద ఓ గంట. నలభై ఐదు నిమిషాల నుంచే పుల్ల గుచ్చి చూస్తా ఉండండి, తడి అంటకపోతే అయినట్టే. రమ్ము లేని కేకు కాబట్టి గట్టి డబ్బాలో ఫ్రిజ్‌లో దాచండి, తినే రోజు పొద్దున బయట పెడితే మెత్తబడుద్ది. అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు చేసే ఓపిక ఉంటే ఆ వారంలోనే చేసి డబ్బాల్లో పెట్టుకోండి, లేకపోతే ఒంగోలు మైసూర్ పాక్, నెల్లూరు మలై కాజా కొనుక్కొస్తే ఎవరూ తక్కువ అనుకోరు. పులిహోర పులుసు 23న ఉడికించి సీసాలో పొయ్యండి.

24వ తారీకే అసలు పని రోజు. పొద్దున్నే చేపల మార్కెట్‌కి. ఇక్కడ ఒకటి గుర్తు పెట్టుకోండి, డిసెంబర్ మనకి తుఫాన్ల నెల, హెచ్చరిక పడిందంటే పడవలు సముద్రం మీదకి పోవు, వంజరం దొరకదు, దొరికినా రేటు పట్టుకోలేం. అప్పుడు కొరమీనుకో చెరువు శీలావతికో మారిపోండి, పులుసుకి కొరమీను ఇంకా బాగుంటది కూడా. పిల్లలు ఎక్కువుంటే వంజరమే మంచిది, ముళ్ళు తక్కువ.

పులుసు గురించి కొంచెం ఎక్కువ చెప్తా ఎందుకంటే ఈ బ్రంచ్ మొత్తం దాని మీదే నిలబడుద్ది. నెల్లూరు చేపల పులుసు వండిన పూటకన్నా మర్నాడే బాగుంటది, ముక్కకి ఉప్పు కారం పులుపు ఎక్కాలంటే రాత్రంతా ఊరాలి, క్రిస్మస్ బ్రంచ్‌కి ఇంతకన్నా సరిపోయే కూర నాకు తెలిసి లేదు. శుభ్రం చేశాక రెండు కిలోల ముక్కలు, ఉప్పు పసుపు పట్టించి పక్కన పెట్టండి. 150 గ్రాముల చింతపండు నానబెట్టి చిక్కగా పిసకండి. మూడు స్పూన్ల ధనియాలు, ఒక స్పూన్ జీలకర్ర, ఒక స్పూన్ ఆవాలు, ఒక చిన్న స్పూన్ మెంతులు విడివిడిగా వేయించి పొడి కొట్టండి, మెంతులు మాడితే పులుసంతా చేదు. వెడల్పాటి మట్టి చట్టిలో నూనె ధారాళంగా పోసి అరకిలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు, వెల్లుల్లి మగ్గాక అరకిలో టమోటాలు మెత్తబడేదాకా ఉంచి, ఆరు టేబుల్ స్పూన్ల కారం వేసి నిమిషం తిప్పి చింతపండు పులుసు పొయ్యాలి. నెల్లూరు పులుసంటే మామిడికాయ ఉండాలని అందరికీ తెలుసు గానీ డిసెంబర్‌లో మంచి పుల్ల మామిడికాయ దొరకదు, దాని బదులు చింతపండే కాస్త పెంచుకుని చివర్లో చిన్న బెల్లం ముక్క వేస్తే సరి. పులుసు నూనె తేలేదాకా బాగా మరిగాక ముక్కలు ఒక్కొక్కటే జారవిడిచి పన్నెండు, పదిహేను నిమిషాలు, చివర్లో ఆ పొడి. మా అత్త పక్కనే నిలబడి "ఏందమ్మే, గరిటె పెట్టబాకు, చట్టి పట్టుకుని తిప్పు" అంటది, నూటికి నూరు పాళ్ళు నిజం, గరిటె పెడితే ముక్క చితికిపోద్ది. చల్లారాక అలాగే చట్టితోనే ఫ్రిజ్‌లోకి, రాత్రంతా బయట వదిలెయ్యబాకండి.

ఇదంతా మధ్యాహ్నం రెండింటికి అయిపోవాలి. పప్పు పన్నెండింటికే నానేసుకోండి, ఇడ్లీకి గ్లాసున్నర మినప్పప్పు, గారెలకి వేరేగా ముప్పావు కిలో. నాలుగింటికి ఇడ్లీ పప్పు రుబ్బి, కడిగి పిండిన మూడు గ్లాసుల రవ్వ కలిపితే నలభై ఐదు ఇడ్లీలు సులువుగా వస్తాయి. సాయంత్రం ఐదు లోపు కలిపేయండి, డిసెంబర్ చలికి పిండి లేట్‌గా పొంగుద్ది, పెద్ద గిన్నెలో పోసి దుప్పటి కప్పి వంటగదిలోనే వెచ్చగా ఉండే మూల పెట్టండి. గారెల పిండి నీళ్ళు దాదాపు లేకుండా గట్టిగా రుబ్బి, ఉప్పు వెయ్యకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, ఉప్పేస్తే తెల్లారేసరికి జారైపోద్ది, గారెలు నూనె తాగుతాయి. రుబ్బడాలన్నీ పగలే చేసుకోమనడానికి ఇంకో కారణం కరెంటు. ఒక ఏడు తుఫాను గాలికి సాయంత్రం పోయిన కరెంటు అర్ధరాత్రి దాకా రాలేదు, పప్పు నానబెట్టుకుని కొవ్వొత్తి ముందు కూర్చున్నాం.

నాటుకోడి రెండున్నర కిలోలు, ఎముకతో. అల్లం వెల్లుల్లి, ఉప్పు కారం పట్టించి సాయంత్రం ఆరింటికి కుక్కర్‌లో, ముదురు కోడైతే ఎనిమిది విజిల్స్ దాకా పట్టుద్ది, తర్వాత ధనియాలు గసగసాలు ఎండుకొబ్బరి చెక్క లవంగం నూరిన ముద్ద వేసి మూత తీసి దగ్గరికి రానివ్వండి. గారెలు ముంచుకోవాలి కాబట్టి కాస్త జారుగానే దించండి. రాత్రి క్యాండిల్ సర్వీస్‌కి బయల్దేరే ముందు అది కూడా చల్లార్చి ఫ్రిజ్‌లోకి పోవాలి. ఫ్రిజ్‌లో చోటు కోసం నీళ్ళ బాటిళ్ళు, పచ్చళ్ళు అన్నీ ఆ ఒక్క రోజుకి బయట పెట్టేయండి. ప్లేట్లు, గ్లాసులు కడిగి బల్ల మీద బోర్లించి పడుకోండి.

25న తెల్లారి ఆరాధన నుంచి వచ్చాక పులిహోరకి అన్నం వండి, ఆరబెట్టి, పులుసు కలిపి పోపు పెట్టేయండి. కొబ్బరి పచ్చడి నూరుకోండి. ఎనిమిదింటికి ఇడ్లీలు వాయిలు వాయిలుగా వేసి హాట్ ప్యాక్‌లో తడిగుడ్డ పరిచి సర్దండి, పన్నెండింటి దాకా మెత్తగానే ఉంటాయి. గారెలకి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం తరిగి మూతపెట్టి, కాఫీ డికాక్షన్ కూడా తీసేసి, గ్యాస్ ఆపారో లేదో చూసుకుని చర్చికి పోండి.

తిరిగొచ్చాక రెండు పొయ్యిలతో పని. ఒక దాని మీద గారెలకి నూనె, రెండో దాని మీద కోడికూర, అది కుతకుతా ఉడికాక దించి చేపల చట్టి ఎక్కించండి, ఫ్రిజ్ చలి పోకుండా చట్టిని వెంటనే మంట మీద పెట్టబాకండి, పగులుద్ది, అందుకే ఇంట్లోకి రాగానే మొదట చట్టి తీసి బయట పెట్టాలి. పులుసు కూడా పొంగొచ్చేదాకా మరగాలి. ఈలోగా మగవాళ్ళు బల్లలు వేసి మంచినీళ్ళు పెడతారు, పిల్లలు జామకాయలు, కమలాలు ప్లేట్లలో సర్దుతారు, ఈ పనులు ఎవరివో 24 రాత్రే పేర్లు పెట్టి చెప్పండి, ఆ రోజు అరిస్తే ఎవరూ కదలరు. గారెలు కూడా ఒక్కళ్ళే వెయ్యబాకండి, ఒకళ్ళు తడతా ఉంటే ఇంకొకళ్ళు తియ్యాలి, నలభై ఐదు గారెలు ఇరవై ఐదు నిమిషాల్లో అయిపోతాయి. చివరి వాయి తీసి స్టవ్ ఆపేశాకే ప్రార్థన మొదలుపెట్టమనండి, అయ్యగారు వచ్చుంటే ఆయనకి కూడా చెప్పండి, ఏమీ అనుకోరు. నేను మొదటిసారి చెప్పినప్పుడు ఆయనే వంటింటి వైపు చూసి "అమ్మని కూడా రానియ్యండి, అప్పుడు చేద్దాం" అన్నారు. మా అమ్మ చేతులు తుడుచుకుంటా వచ్చి మా మధ్యలో నిలబడింది.

ఇడ్లీ పిండి మిగిలితే పారెయ్యబాకండి, ఉల్లిపాయ, కాస్త మైదా కలిపి సాయంత్రం పునుగులు వేస్తే కేకు కోసం వచ్చే పక్కింటి పిల్లలకి వేడివేడిగా పెట్టొచ్చు. పులుసు మిగలడం మాత్రం మా ఇంట్లో ఇంతవరకు జరగలేదు.