అర్జీలు రాద్దాం – 5వ పాఠం: లైట్ డ్యూటీ అడగడం

పోయిన పాఠంలో జ్వరానికి మూడు రోజుల సెలవు చీటీ రాశాం. అది సులువు. రాలేను, ఫలానా రోజు వస్తాను, అంతే. ఈసారిది కాస్త మెలిక ఉన్న అర్జీ. పనికి వస్తాను, కానీ ఆ పని చేయలేను, ఇంకో పని ఇవ్వండి, అదీ కొన్నాళ్లే అని ఒక్క కాగితంలో చెప్పాలి. ఆర్టీసీలో దీన్ని లైట్ డ్యూటీ అంటారు, బట్టల షాపుల్లో అయితే కూర్చునే పని.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లు సిబ్బంది సంగతులు చూసే పర్సనెల్ సెక్షన్‌లో కూర్చుని ఇలాంటి అర్జీలు తీసుకున్నాను. ఒకసారి నేనూ పెట్టుకున్నాను, అదీ తప్పుగా. హెర్నియా ఆపరేషన్ అయ్యాక "కొన్నాళ్లు తేలిక పని ఇప్పించగలరు" అని ఒక్క ముక్క రాసిచ్చా. వెంటనే ఇచ్చారు. రికార్డు రూములో కుర్చీ, బల్ల, తల మీద ఫ్యాను. పాత ఫైళ్లు మాత్రం అన్నీ పై అరల్లో. మూడో రోజు నిచ్చెన మీద ఫైళ్ల కట్ట ఒక చేత్తో, కుట్లు ఇంకో చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నా. వాళ్లననడానికేం లేదు. తేలిక పని అంటే వాళ్ల లెక్కలో కుర్చీ ఉన్న పని. ఏది బరువో నేను రాయలేదు మరి.

అందుకే అర్జీ కంటే ముందు డాక్టరు చీటీ సంగతి చూడాలి. గుణదల ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఆసుపత్రికి వెళ్లినా, ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లినా డాక్టరు ముందు మనకు దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ కాస్తలో నొప్పి గురించే చెప్పుకుని వచ్చేస్తాం. మనం చేసే పని ఏమిటో ఆయనకు తెలియదు కాబట్టి "రెస్ట్" అనో "లైట్ వర్క్" అనో రాసేస్తారు. ఈ మాటలు ఇంట్లో రెండుసార్లు పైకి అనుకుని వెళ్లండి: "డాక్టరు గారూ, నాది స్పేర్ పార్టుల గోడౌన్‌లో పని. లారీలోంచి పెట్టెలు దింపాలి, ఒక్కోటి ముప్ఫై కిలోలుంటుంది. ఎన్ని కిలోల దాకా ఎత్తచ్చో, ఎన్ని వారాలో చీటీలో రాస్తారా?" అడిగితే రాయనన్న డాక్టరు నాకింతవరకు తగల్లేదు.

ఇక్కడో చిన్న హెచ్చరిక. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు డాక్టరు పూర్తి రెస్టు రాస్తే, ఈఎస్ఐ చందా కట్టిన రోజులు సరిపోతే, జీతంలో 70 శాతం లెక్కన ఏడాదికి 91 రోజుల దాకా అనారోగ్య భత్యం వస్తుంది. కానీ జీతం తీసుకుని పని చేసిన రోజుకి ఆ భత్యం రాదు. రెస్టు చీటీ అక్కడిచ్చి, లైట్ డ్యూటీ ఇక్కడ చేస్తే రేపు రెండూ చిక్కుల్లో పడతాయి. నడుం మంచం దిగనివ్వనప్పుడు రెస్టే తీసుకోండి. జీతం తగ్గుతుందని తొందరపడి లైట్ డ్యూటీకి పరిగెత్తొద్దు.

ఇప్పుడు అర్జీ. మా వీధి కుర్రాడొకడు గోడౌన్‌లో హెల్పరు. మొదట వాడు రాసుకొచ్చింది ఇది:

"గౌరవనీయులైన మేనేజర్ గారి దివ్యసముఖమునకు, నేను గత ఆరు నెలలుగా తీవ్రమైన నడుము నొప్పితో బాధపడుచూ, ఎందరో డాక్టర్లకు చూపించుకొని, ఎమ్మారై తీయించగా డిస్కు జారినదని తెలిసినది. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు, ఇద్దరు పసిపిల్లలు, అందరికీ నేనే ఆధారం. కావున తమరు దయతలచి బరువు పనులు లేకుండా చేయగలరని ప్రార్థన."

చదివితే జాలేస్తుంది. సంతకం మాత్రం పెట్టలేం, ఎందుకంటే దేనికి పెట్టాలో అందులో లేదు. ఏ పని మానాలి? ఏ పని చేయగలడు? ఎప్పటిదాకా? వీడు ఎత్తని పెట్టె ఇంకెవడు ఎత్తాలి? ఈ చివరి ప్రశ్నే మేనేజరు బుర్రలో తిరిగేది, అర్జీలో ఎవరూ రాయనిదీ అదే. ఎమ్మారై కథ అక్కడ అక్కర్లేదు. జబ్బు వివరం డాక్టరుకు, పని వివరం ఆఫీసుకు.

వాణ్ణి కూర్చోబెట్టి మళ్లీ రాయించాను:

"మేనేజర్ గారికి,
విషయం: ఆరు వారాలు బరువులు ఎత్తని పని ఇవ్వమని మనవి.
అయ్యా,
నడుము సమస్య వల్ల జూన్ 10 నుంచి జూలై 21 వరకు పది కిలోలకు మించి ఎత్తవద్దని, వంగి చేసే పని చేయవద్దని డాక్టరు రాశారు. చీటీ నకలు జతచేశాను. అందువల్ల లారీ దింపడం, కింది ర్యాకుల్లో సరుకు సర్దడం ఈ ఆరు వారాలు చేయలేను. బిల్లుతో సరుకు సరిచూడటం, స్టిక్కర్లు అంటించడం, కౌంటరుకు చిన్న పార్టులు అందించడం చేయగలను. ఉదయం లారీ వచ్చినప్పుడు నా బదులు రెండో షెడ్డు హెల్పరు దింపితే, అతని చెకింగ్ పని నేను చూసుకుంటాను. అతనితో మాట్లాడాను, ఒప్పుకున్నాడు. ఈ ఆరు వారాలూ నా నెల జీతం మారకుండా చూడమని కోరుతున్నాను. జూలై 22న మళ్లీ డాక్టరుకు చూపించుకుని, ఆయన రాసిచ్చిన చీటీ తెచ్చి ఇస్తాను.
ఇట్లు,"

చివరి వాక్యం దగ్గర వాడికీ నాకూ కాసేపు వాదన అయింది. "22 నుంచి మామూలు పనిలో చేరతాను" అని రాస్తానన్నాడు, మేనేజరు సంతోషిస్తాడని. నడుం సంగతి నీకేం తెలుసురా, డాక్టరు చెప్పాలి కదా అన్నాను. తేదీ మాట ఇవ్వండి, ఒళ్లు బాగవుతుందని మాట ఇవ్వకండి. జీతం వాక్యం కూడా వాడికి ఇబ్బందిగానే అనిపించింది. లారీ దింపినందుకు వచ్చే బత్తా ఎలాగూ పోతుంది, నెల జీతం కూడా పోకూడదు కదా. తెలుగులోనే రాయడం కూడా కావాలనే. మేనేజరు గారిది తెనాలి.

చట్టం సంగతి రెండు మాటల్లో. ప్రైవేటు కంపెనీలో జబ్బు చేసిన ప్రతివాళ్లకూ లైట్ డ్యూటీ ఇచ్చి తీరాలన్న సాధారణ నియమం లేదు, అందుకే ఇది మనవి. గర్భిణుల సంగతి వేరు. 1961 నాటి ప్రసూతి చట్టం నుంచీ ఉన్న నియమం ప్రకారం కాన్పు తేదీకి ముందు దాదాపు పది వారాల్లో, సెలవులో లేని రోజుల్లో, ఆమె అడిగితే కష్టమైన పని గానీ, ఎక్కువసేపు నిలబడే పని గానీ చేయించకూడదు. అడిగితే అన్న మాట గుర్తుంచుకోండి. కాగితం పెట్టనిదే అడిగినట్టు రుజువుండదు. ఇక సర్వీసులో ఉండగా అంగవైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదని, అదే జీతంతో చేయగల పోస్టుకు మార్చాలని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. అది తాత్కాలికం కాదు కాబట్టి దాని అర్జీ వేరుగా చూద్దాం.

రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో అందినట్టు సంతకమో ముద్రో వేయించుకోండి. "నా మీద నమ్మకం లేదా" అంటారు కొందరు. "నా ఫైల్లోకి సార్" అనండి, సరిపోతుంది. ముద్ర వేయకపోతే అక్కడే వాదన పెట్టుకోవద్దు, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఈ వారం అభ్యాసం. బీసెంట్ రోడ్డులో చీరల షాపు. ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే సేల్స్ అమ్మాయి. కాళ్లలో నరాలు ఉబ్బాయి, గంటకు మించి ఒకేసారి నిలబడొద్దని, నాలుగు వారాలని డాక్టరు రాశారు. షాపులో బిల్లింగ్ కౌంటరు ఉంది, ప్యాకింగ్ బల్ల ఉంది, ఫాల్స్ కుట్టే మూల ఉంది. యజమాని గారికి పన్నెండు లైన్లు మించకుండా అర్జీ రాయండి. ఆమె బదులు కౌంటర్లో ఎవరు నిలబడతారో రాయడం మరవద్దు. వచ్చే పాఠం: వారం దాటినా జవాబు రాకపోతే పెట్టే రెండో కాగితం.